చేదు వంగ ఉన్న మూల

మా పెద్దమ్మ వంగతోటకు దిష్టిబొమ్మ కట్టింది నేనే. వేలూరు మార్కెట్ పక్క కొట్లో బేరమాడి మరీ కొన్నాను. ఎర్ర నాలుక, గుడ్లురిమే కళ్ళు, కోరమీసం. మేము కట్టే ప్రతి ఇంటికీ అలాంటిదొకటి కడతాం. మా ఇంటాయన మేస్త్రీ. గోడలు లేచాక ముందువైపు బొమ్మ వేలాడకపోతే ఆయనకు అన్నం సయించదు. ఇళ్ళను కాపాడే బొమ్మ తోటను కాపాడదా అనుకున్నాను. అనుకోవడంలో నన్ను మించినవాళ్ళు మా వంశంలో లేరు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నాకు తల దువ్వి, అన్నం పెట్టి, తిట్టి, పెళ్ళి చేసి పంపింది ఆమే. గుడియాత్తం దాటాక ఏటి వైపు మళ్ళే దారిలో, ఇంటికి దగ్గరలోనే ఆమెకు ఒక చెక్క నేల ఉంది. అందులో ముళ్ళ వంకాయ తప్ప ఇంకోటి వేయదు. మా పక్క వంకాయకు తొడిమ మీదా, ఆకు ఈనెల మీదా ముళ్ళుంటాయి. కోసేటప్పుడు చేతులు గీసుకుపోతాయి గానీ, నూనెలో మగ్గిందంటే నాలుక మీద నిలవదు, జారిపోతుంది. బిర్యానీ పక్కన వడ్డించే పుల్లటి వంకాయ కూరకు ఈ కాయే కావాలని హోటళ్ళ వంటవాళ్ళు ఆమె గంప దిగేదాకా కాచుకుని ఉండేవాళ్ళు. ఆ కాచుకోవడాన్ని చూసి ఆమె మురిసిపోయేది.

ఆ తోట మూలన ఒక చేదు వంగ ఉండేది. అది అడవి మొక్క. నడుమెత్తు పొద, ఒళ్ళంతా ముళ్ళు. పువ్వు అచ్చం వంగపువ్వే, కాయ మాత్రం గోలీ కంటే కాస్త పెద్దది. పండితే పసుప్పచ్చగా మెరుస్తుంది. కొరికితే పూటంతా చేదు పోదు. మేకలు కూడా దానికి మూతి పెట్టవు. పెద్దమ్మ దానికి నీళ్ళు పోయదు, ఎరువు వేయదు, కొమ్మ విరవదు. కానీ కోతకు దిగే రోజు మొదటి వంకాయను దాని మొదట్లో పెట్టి, ఆ తర్వాతే గంప చేతబట్టేది.

“దోవన పొయ్యేవాళ్ళ కన్ను కాయ మీద పడగూడదు పాపా, ముల్లుకు తగులుకోవాల,” అనేది. “తగులుకుంటే ఆడనే నిలిచిపోతాది. లోపలికి రాదు.”

ఆమెకు ఇంకో పద్ధతి ఉండేది. విత్తనానికి వదిలే కాయను ఎప్పుడూ ఆ పొద పక్కనున్న మూల వరసలోనే వదిలేది. తోట నడుమ ఎంత లావు కాయ కాసినా అది సంతకే. మూల వరస కాయ కాస్త చిన్నదైనా సరే, పండి మెత్తబడేదాకా ఆగి, గింజ తీసి కడిగి ఆరబెట్టి, బూడిదలో కలిపి కుండలో పెట్టేది. దిష్టి చెట్టును ఆనుకుని పెరిగిన వరసకు దిష్టి అంటదట, కాబట్టి విత్తనం చల్లగా ఉంటుందట. ఆ గింజలు పోస్తే వాటిలో కొన్ని మొక్కలు గుప్పెడు ముళ్ళతో, చేదు కాయతో వచ్చేవి. “మూల బుద్ధి వచ్చిండాది దీనికి,” అని నవ్వి పీకేసేది. మిగిలినవి ఎండకూ వానకూ మొండిగా నిలిచేవి. వాళ్ళ అత్త కూడా అలాగే చేసేదట. అంతకుముందు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు.

నాకూ ఆ పొదకూ మాత్రం చిన్నప్పటి నుంచీ పడేది కాదు. నా పావడాలెన్ని చిరిగాయో దానికే తెలియాలి. ముల్లన్నదాన్ని చూస్తే నాకు చేతులు ఊరుకోవు. అది మా పనిలో పుట్టిన గుణం కూడా. ఇల్లు కట్టే స్థలాన్ని యజమానికి చూపించే ముందు తుప్పా ముల్లూ లేకుండా అద్దంలా చదును చేయాలి. ముల్లున్న చోట ముగ్గు పోయరు, ముగ్గు పోయని చోట పునాది తీయరు. పెళ్ళయిన కొత్తలో ఆ ముళ్ళకంపలు లాగింది నేనే. ఇప్పుడు లాగించేదాన్నయ్యాను.

పెద్దమ్మకు షుగరు. ఒక కోత రోజు చెప్పులు విడిచి మొదటి కాయ పెట్టబోయి ఆ పొద ముల్లే తొక్కింది. ఎవరికీ చెప్పలేదు. పసుపు అద్దుకుని తిరిగింది. నాకు తెలిసేసరికి పాదం వాచి, వేలు నల్లబడి ఉంది. వేలూరుకు తెచ్చి ఆసుపత్రిలో చేర్చాను. వేలు తీసేయాల్సి వచ్చింది. కట్టు మార్చేటప్పుడు ఆమె పళ్ళు బిగబట్టి పైకప్పు వంక చూసేది. నేను ఆమె చెయ్యి పట్టుకుని లోపల్లోపల ఆ పొద మీద దుమ్మెత్తి పోసేదాన్ని. ఆమెను ఏమీ అనలేక దాన్ని అన్నాను.

ఆసుపత్రి నుంచి ఆమెను మా ఇంటికే తీసుకొచ్చాను. ఆ రోజుల్లో గుడియాత్తంలో మాకొక ఇంటి పని నడుస్తోంది. పునాది గోడల నడుమ నింపడానికి మట్టి చాలలేదు. జేసీబీ ఊరికే నిలబడి ఉంది. నాకేమో ఒళ్ళు మండిపోతూ ఉంది. ఇన్నీ ఒక్కచోట కలిస్తే ఆగే రకం కాదు నేను. జేసీబీని తోటకు తోలించాను.

“అక్కా, వేరు లోతుగా ఉండాది. గట్టు గూడా వచ్చేస్తాది, పరవాలేదా?” అని డ్రైవరు అడిగాడు.

“రానీప్పా. మట్టి మనకే పనికొస్తాది,” అన్నాను.

ఒక్క ఊపులో పొద లేచింది. పసుపు కాయలు కొమ్మలకు వేలాడుతూనే ఉన్నాయి. రాలినవి మట్టిలో కలిసి ట్రాక్టరులో పడ్డాయి. పొదను రోడ్డవతల పడేసి కాల్పించాను. మట్టి పోయి పునాదిలో పడింది, దాని మీద దిమ్మిస కొట్టారు, దాని మీద కాంక్రీటు పోశారు. తోట మూల శుభ్రమైంది. అక్కడ ఒక సర్వే కర్ర పాతి, బొమ్మ కట్టి, దూరం జరిగి చూసుకున్నాను. పెద్దమ్మ కాలికి నేను కాపలా పెట్టినట్టు గొప్పగా అనిపించింది.

నడవగలిగాక ఆమెను తోటకు తీసుకెళ్ళాను. కర్ర పొడుచుకుంటూ నేరుగా మూలకే నడిచింది.

“చెట్టు యాడ?”

“తీయించేసినా పెద్దమ్మా. నీ కాలు తినింది చాలదా? దిష్టికి బొమ్మ కట్టినాను చూడు. ఇండ్లు కట్టేవాళ్ళం, మాకు తెలీదా?”

“చూసుకోకుండా కాలు పెట్టింది నేను. చెట్టేం చేసిందమ్మా?” అంది. నా మొహం చూసి కాబోలు, వెంటనే సర్దుకుంది. “సరేలే పాపా. బొమ్మ బాగుండాది. కండ్లు బాగా ఏసినాడు.”

తిట్టి ఉంటే బాగుండేది. నన్ను పెంచిన నోరు అది, దానికి తిట్లు కొత్త కాదు. బొమ్మ బాగుంది అన్న ఆ మాట మాత్రం ఇవాళ్టికీ నాకు అన్నం ముద్దలో రాయిలా తగులుతుంది.

ఆ యేడు కాపు బాగానే వచ్చింది. నేను ఎంత ఎగిరానో చెప్పుకుంటే సిగ్గు. చూసినావా పెద్దమ్మా, చెట్టు లేకపోతే ఏమయింది అని ఫోనులో కూడా అడిగాను. ఆమె నవ్వి ఊరుకుంది. కోతలు అయ్యేముందు మాత్రం ఆమె నాకు ఫోను చేసింది. గొంతులో దిక్కుతోచనితనం.

“ఏ వరసలో వదిలేది పాపా విత్తనానికి? మూల అనేదే లేదు గదా ఇప్పుడు.”

“లావు కాయలు చూసి వదులు. లావువి పెడితే లావువే వస్తాయి,” అన్నాను. అడిగిందే తడవుగా సలహా ఇవ్వడం మా ఇంటాయన దగ్గర నేర్చుకున్నాను. ఆమె నా మాట విని, నడిమి వరసల్లో ఒకే తీరు లావు కాయలు ఏరి విత్తనం కట్టింది.

మరుసటి పంటకు ఆ విత్తనమే పోసింది. మొక్కలు ముచ్చటగా లేచాయి. అన్నీ ఒక్క ఎత్తు, ఒక్క తీరు, కొలతకు కట్టిన గోడలాగా. ఎండలు ముదిరి, ఆ మీదట ఒక్కసారి పెద్ద వాన పడింది. వాన వెలిశాక మొక్కలు తల వాల్చడం మొదలుపెట్టాయి. ఆకు పచ్చగానే ఉంది, మొక్క మాత్రం వాడిపోయింది. పీకి చూస్తే వేరు గోధుమరంగుగా మారి ఉంది. ఒక వరస, దాని పక్క వరస, ఇటు నుంచి అటు వరకూ ఊడ్చుకుపోయింది. నేను వెళ్ళేసరికి పెద్దమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. మునుపైతే సగం పోయినా సగం నిలిచేవి పాపా, అంది. నా వంక చూడకుండా అంది. బొమ్మ మాత్రం చెక్కుచెదరకుండా గుడ్లురుముతూనే ఉంది.

ఆ తర్వాత ఆమె తోటకు పోవడం మానేసింది. విత్తనాల కుండ కడిగి బోర్లించింది. అంతకుముందటి మూల వరస గింజ మాత్రం చారెడు గుడ్డలో మూటకట్టి ఉంది. అది పోయమంటే పోయనంది. కాపలా లేకుండా ఉన్న కాస్తా నేలపాలు చెయ్యలేనంది. వంగ గింజ ఎల్లకాలం ఉండేది కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ మొలక తగ్గి, చివరికి ఒట్టి పొట్టు మిగులుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, నాకంటే బాగా ఆమెకు తెలుసు. తెలిసీ ఆ మూటను దేవుడి పటం వెనక పెట్టి, ఇంటి ముందు అరుగు మీద కూర్చునేది. అటు పోయే హోటలు మనిషి, ఏమ్మా కాయ లేదా అని అడిగితే, లేదు నాయనా, అని లోపలికి లేచి పోయేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాట్పాడిలో ఒక మేడమ్ ఇంటికి టైల్స్ పని ఒప్పుకున్నాం. ఆమె పంట మొక్కల విత్తనాల మీద పరిశోధన చేస్తుందట. ఒక మధ్యాహ్నం నా క్యారియరులో కూర చూసి, ముళ్ళ వంకాయ కాదే ఇది అని అడిగింది. వేలూరులో ఉండి ముళ్ళ వంకాయ తినకపోవడమేమిటన్నట్టు నవ్వుతూనే అడిగింది. క్యారియరు మూత పెట్టేసి, జరిగిందంతా చెప్పేశాను. ఆమె తమిళంలో చెప్పింది, నేను నా మాటల్లో రాస్తున్నాను.

చేదు వంగ మన వంకాయకు చుట్టమట. ఒకప్పుడు రెండూ ఒక్క ఇంటివే. మనిషి తియ్యటిదీ లావుదీ ఏరుకుంటూ, ఏరుకుంటూ, తోటలో మొక్కలన్నిటినీ ఒక్క అచ్చులో పోసిన ఇటుకల్లా చేసుకున్నాడు. ఒక ఇటుకను తొలిచే జబ్బు వస్తే అన్నిటినీ తొలుస్తుంది. అడవిలో మిగిలిపోయిన చుట్టాలు అలా కాదు. ఎవరూ ఏరలేదు కాబట్టి ఒక్కో పొద ఒక్కో తీరు. ఒకటి నీళ్ళు లేకపోయినా ఓర్చుకుంటుంది, ఒకటి పురుగును దగ్గరికి రానివ్వదు, ఒకటి వేరు జబ్బుకు లొంగదు. తేనెటీగలు ఆ పొద పుప్పొడిని పక్క వరసకు చేరిస్తే ఆ మొండితనంలో కాస్త విత్తనంలోకి దిగుతుంది.

“మీ పెద్దమ్మ దిష్టి కోసం మూల వరస విత్తనం తీసింది. దాంతోబాటు ఆ మొండితనం కూడా కొంత తీసుకుని ఉండొచ్చు,” అంది.

“అంటే తోట పోయింది నా వల్లనే కదా మేడమ్?”

“అలా చెప్పలేనమ్మా. ఆ వానకు చాలా తోటలు పోయాయి. పొద ఉన్నా పోయేదేమో.”

అవునని అంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. కాదంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆమె రెండూ అనలేదు. నిజం తెలిసినవాళ్ళతో వచ్చిన చిక్కే అది, తెలియనిదాన్ని తెలియదనే అంటారు. తర్వాత ఆమె ఆశగా ఇంకో మాట అడిగింది. ఆ పొద కాయ ఒక్కటైనా, ఎండింది అయినా, ఎక్కడైనా ఉందా అని.

“వేరే చోట చేదు వంగ దొరికితే తేనా?” అన్నాను.

“తీసుకురా. ఉన్నవన్నీ కోయకు, కొన్నే కోసుకో. కానీ అది వేరే పొద. దాని బలం దానిది. మీ తోట పక్కన అన్నేళ్ళు బతికినదాని బలం ఏమిటో ఇప్పుడిక ఎవరమూ చూడలేం.”

ఆ పొద గింజలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. గుడియాత్తంలో మేము కట్టిన ఇంటి నడవ కింద ఉన్నాయి. దిమ్మిస కొట్టిన మట్టిలో, కాంక్రీటు కింద, పాలరాయిలా మెరిసే టైల్స్ కింద. ఆ ఇంటివాళ్ళు గృహప్రవేశంలో నాకు చీర కూడా పెట్టారు. ఆ రాత్రి ఆ మాట మా ఇంటాయనతో అన్నాను.

“ఇప్పుడేంది, ఇల్లు పగలగొట్టమంటావా? వాళ్ళు పాలు గూడా పొంగించేసినారు,” అన్నాడు. నేను నవ్వకపోయేసరికి కాస్త తగ్గి, “పెద్దమ్మే ఏమీ అనలేదు గదా. కందకు లేని దురద కత్తిపీటకు దేనికి?” అన్నాడు.

కంద నోరు తెరిచి అనదు కాబట్టే కత్తిపీటకు దురద అని ఆయనకెలా చెప్పను?

సెలవు దొరికినప్పుడల్లా చేదు వంగను వెతుక్కుంటూ పోయాను. మేల్పాడి పక్క పొలాల గట్లు తిరిగాను, ఏటి ఒడ్డు తిరిగాను. ముల్లు కనబడితే చాలు ఆగాను. నేల మీద పాకే వాకుడు దొరికింది, గుత్తులుగా కాసే ఉస్తికాయ దొరికింది, చేదు వంగ మాత్రం దొరకలేదు. గట్లన్నీ నున్నగా ఉన్నాయి. పొలాలుగా ఉండినవి ప్లాట్లుగా మారి, రంగు రాళ్ళు పాతించుకుని ఉన్నాయి. వాటిలో కొన్ని ప్రహరీలు మావే. గోడ కట్టు చూస్తేనే మా మనుషుల చెయ్యి తెలిసిపోతుంది. యజమాని మెచ్చుకుని బిర్యానీ పెట్టించిన స్థలం కూడా ఒకటి తగిలింది. ఎంత చక్కటి చదును, వెతికినా ముల్లు లేదు. నేను ఇన్నేళ్ళు ఏం చేస్తూ వచ్చానో ఆ ఎండలో నిలబడి చూసుకున్నాను. ఒక్క పెద్దమ్మ తోట మూలే కాదు. అన్నం పెట్టిన పనిని తిట్టుకోలేను, మెచ్చుకోనూ లేకపోయాను.

చివరికి లత్తేరి స్టేషను దగ్గర, పట్టాలకూ కంచెకూ నడుమ దొరికింది. అక్కడికి జేసీబీ పోదు. మోకాలెత్తు పొద, పసుపు కాయలు. మేడమ్ చెప్పింది గుర్తుంచుకుని, ఉన్నవన్నీ దులుపుకోకుండా కొన్నే కోసి మిగతావి దానికే వదిలాను. ముల్లు వేలిలోకి దిగింది. తీసుకోకుండా కాసేపు అలాగే ఉంచుకున్నాను, పిచ్చిదాన్ని, అదేదో బాకీ తీరినట్టు.

ఆ కాయలు కొంగున కట్టుకుని పెద్దమ్మ దగ్గరికి ఉరికాను. ఆమె ఒక కాయ తీసుకుని వేళ్ళ నడుమ తిప్పింది. మొహంలోకి వెలుగొచ్చింది. నాటుదాం పెద్దమ్మా అనగానే ఆ వెలుగు పోయింది.

“నాటేది కాదు పాపా అది.”

“ఎందుకు కాదు? గింజ ఉండాది, నేల ఉండాది.”

“చేత్తో నాటితే కూర మొక్క అయిపోతాది. తానుగా వచ్చిందే కాపలా. మనం పిలిస్తే వచ్చేది కాదది. దానికి రావాలనిపిస్తే వస్తాది, లేకుంటే లేదు.”

“మూటలో గింజ చచ్చిపోతా ఉండాది పెద్దమ్మా!”

“తెలుసు.”

“తెలిసీ ఈ మొండితనం ఏంది నీకు?”

“మొండితనం కాదమ్మా. పొమ్మని పంపించినాం గదా దాన్ని. మళ్ళీ చెయ్యి పట్టుకుని లాక్కొస్తే ఏం మొహంతో కాపలా కాస్తాది?”

పంపించినాం అంది. పంపించినావు అనలేదు. ఆ తప్పులో తనూ సగం పంచుకుంది. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆ రెంటితో గట్టిగా అరిచాను. ఆమె కాఫీ పెడతానని లోపలికి పోయింది.

మా వాళ్ళలో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు, చదవగలిగినవాళ్ళు బహు తక్కువ. నేను గుడియాత్తంలో తెలుగు బడిలో కూర్చున్న పుణ్యాన ఈ అక్షరాలు నాకు వచ్చాయి. పెద్దమ్మకు రావు. ఇక్కడి నుంచి రాయబోయేది ఆమె ఎన్నటికీ చదవదు కాబట్టే రాయగలుగుతున్నాను.

ఆమె పాలు కాస్తుండగా నేను తోటకు నడిచాను. బొమ్మ కర్ర చుట్టూ, కూలిపోయిన గట్టు వెంబడీ ఆ కాయలు చిదిమి గింజలు చల్లాను. విసిరేసినట్టు, పిట్ట రెట్టలో పడ్డట్టు, ఎక్కడా వరస కనబడకుండా చల్లాను. కాలితో మట్టి కప్పాను. తిరిగొచ్చి చేతులు కడుక్కుని కాఫీ తాగాను. ఆ చేదు వేళ్ళకు అంటి కాఫీలోకీ వచ్చింది. ఏం పాపా, చక్కెర చాలలేదా అంది పెద్దమ్మ.

వానలు పడ్డాయి. నేను భయపడుతూనే ఉన్నాను, మొలవకపోతే ఎలా అని ఒక భయం, మొలిస్తే ఎలా అని ఒక భయం. ఒక ఉదయం సైటులో ఇసుక దించుతుండగా ఫోను మోగింది. పెద్దమ్మ. ఆమె గొంతు అంత లేతగా నేనెప్పుడూ వినలేదు.

“వచ్చిండాది పాపా! మూలకే వచ్చిండాది! ఎవురూ పిలవలేదు, అదే వచ్చింది!”

పని వదిలి బస్సెక్కాను. నేను చేరేసరికి ఆమె గుడ్డ మూట విప్పేసింది. దేవుడి పటం వెనకున్న ఆ చారెడు గింజనూ, ఆఖరి గింజనూ, మడిలో పోసేసింది. మునుపటిలా కొంత దాచుకోలేదు. ఎందుకు దాచాలి, కాపలా వచ్చేసింది కదా.

వంగనారు నాటే నాటికి మూలన ఉన్నది జానెడు దాటింది. పెద్దమ్మ దాని ముందు కర్ర ఆనించి వంగి, మనవరాలిని చూసినట్టు చూసింది.

“అదే చెట్టు. ఆకు చూడు, అదే.”

అది కాదు. పాత పొద ముల్లు వంగరంగుగా ఉండేది, దీని ముల్లు ఎండుగడ్డి రంగు. పాతదాని ఆకు వెడల్పు, దీనిది కోల. నా పావడాలు చింపిన పొద నాకు తెలియదా? ఇది లత్తేరి పట్టాల పక్కది. దీనికి ఏ జబ్బును ఓర్చుకునే బలం ఉందో, ఏ బలం లేదో మేడమ్‌కే తెలియదు. పెద్దమ్మ దీన్ని నమ్ముకుని, మళ్ళీ దొరకని విత్తనాన్నంతా నేలకు ఇచ్చేసింది. ఈసారి వేరు కుళ్ళితే ఆమె దగ్గర తిరిగి పోయడానికి ఒక్క గింజ ఉండదు. నిజం చెప్పి ఉంటే ఆ మూట అలాగే ఎండిపోయేది. చెప్పలేదు కాబట్టి మొలిచింది. ఏది తక్కువ తప్పో తూచి చూసుకోవడం నాకు చేతకాలేదు.

“అదే పెద్దమ్మా,” అన్నాను.

ఆమె నా గడ్డం పట్టుకుంది. మట్టి చేతులు.

“నువ్వు పీకించినావని దానికి నీ మీద కోపం లేదు చూడు. ఉంటే వచ్చేదా? ఇంక నువ్వూ వదిలెయ్ పాపా. ఇన్ని దినాలు నీ మొహం చూడలేకపోతిని.”

పొద తీయించినప్పటి నుంచీ ఆమె ముందు నేను ఏడ్చింది అదే మొదలు. సంతోషానికి ఏడుస్తున్నానని ఆమె కొంగుతో తుడిచింది. ఆ పొద క్షమించింది, ఆమె క్షమించింది, క్షమించాల్సిందేమిటో ఆ ఇద్దరికీ తెలియదు.

బయలుదేరుతుంటే బొమ్మను విప్పించింది. “ఇదింక వేండాం. నీ సైటుకు ఎత్తుకుపో. పాపం, దాని శక్తి కొద్దీ అదీ చూసుకునింది.” ఎండకు నాలుక రంగు వెలిసింది గానీ కళ్ళు మాత్రం అప్పుడే వేసినట్టున్నాయి.

కాట్పాడి మీదుగా వేలూరు పోయే బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బుట్టలో పెద్దమ్మ కట్టిచ్చిన పులిహోర ఉంది. లత్తేరి దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు స్టేషను కంచె వైపు చూడకుండా తల దించుకున్నాను. పక్కనున్న పెద్దావిడ బొమ్మను చూసి ముచ్చటపడింది.

“కొత్త ఇల్లు కడతా ఉండారా అమ్మా?”

“ఆమాం,” అని తలూపాను.

“దిష్టి తగలకుండా ఉండాల. మంచిదమ్మా, మంచిది,” అని ఆమె మనసారా దీవించింది. నేను బొమ్మ మొహాన్ని కిటికీ వైపు తిప్పి పెట్టుకుని వేలూరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.